తోడేలు కౌగిలించుకోదు

మంగళవారం

ప్రియమైన పిల్లికి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నానంటే ఒళ్లు ఎంత మండిపోతోందో అర్థం చేసుకో. ఫోనులో అయితే మనిద్దరికీ రెండో నిమిషంలో పోట్లాట వస్తుంది, మూడో నిమిషంలో నువ్వు పెట్టేస్తావు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

మా మ్యూజియానికి కొత్త డైరెక్టరు వచ్చాడని చెప్పాను కదా. ఇవాళ నా పనిగదిలోకి దయచేశాడు. ఇరవై రెండేళ్లుగా నేను జంతువుల ఎముకలు కడిగి, ఎండబెట్టి, తీగతో కూర్చి నిలబెడుతున్న గది అది. బల్ల మీద నక్క వెన్నుపూసలు వరసగా పేర్చి పెట్టుకున్నాను. వాటి మధ్యలో తన టీ కప్పు పెట్టాడు. నేను కప్పు తీసి కిటికీలో పెట్టాను. మళ్లీ తెచ్చి అక్కడే పెట్టాడు!

"మనకో తోడేలు కావాలమ్మా. వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లతో జింకని వాటేసుకున్నట్టు నిలబెట్టాలి. చూసినవాళ్లు అదిరిపోవాలి" అన్నాడు.

"తోడేలు వాటేసుకోదండీ" అన్నాను.

"ఎందుకు వాటేసుకోదు? ముందు కాళ్లు ఉన్నాయిగా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఇదే. సరే, ఓపిక తెచ్చుకుని రెండు ముంజేతులు తీసి చూపించాను, ఒకటి చిరుతపులిది, ఒకటి తోడేలుది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. పిల్లిజాతికి బొటనవేలి వైపు ఎముక రెండోదాని చుట్టూ దొర్లుతుంది. అందుకే పిల్లి అరచెయ్యి లోపలికి తిప్పి దేన్నైనా పట్టుకోగలదు, హత్తుకోగలదు, గోడ ఎక్కగలదు. తోడేలుకి ఆ రెండూ బిగిసి ఉంటాయి, మోచేయి తలుపు బందులాగా ముందుకీ వెనక్కీ తప్ప కదలదు. అది పరిగెత్తడానికి పుట్టిన కాలు. మైళ్లకు మైళ్లు పరిగెత్తినా మెలిక పడదు. పట్టుకునే పనంతా నోటిదే. ఏ మాంసాహారి ముంజేయి తెచ్చి నా బల్ల మీద పెట్టినా, అది కూడు ఎలా సంపాదించుకునేదో చెబుతానని చెప్పాను.

ఆయనకి ఎక్కలేదు. అప్పుడు నా కుడిచెయ్యి చాపి చూపించాను. "అరచెయ్యి పైకి తిప్పమనండి, తిరగదు. పదేళ్లప్పుడు విరిగి రెండు ఎముకలూ అతుక్కుపోయాయి. దోసిలి పట్టలేను. నాది తోడేలు చెయ్యి" అన్నాను. మనిషి మొహం తిప్పుకుని టీ తాగాడు.

అదీ సంగతి. నీ జంతువుల వరసలో అందరూ కులాసాయేనా? ముసలమ్మ కీళ్లనొప్పులు తగ్గాయా? ఆ జూ మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆ ముసలి తోడేలు ఒక్కతే. నీ ముద్దుల చిరుత కొడుకు, పెంకిగాడు, ఇంకా నీ చేత్తో పెడితేనే తింటున్నాడా? వాడికి మూడేళ్లొచ్చాయి, ఇంక పాలసీసా పిల్లాడు కాదు. జాగ్రత్త.

కోపంతో ఉన్న
అక్క


పన్నెండో తారీకు

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం వారం నుంచి బల్ల మీదే ఉంది. జవాబు రాసే స్థితిలో లేను.

గురువారం పొద్దున ఏడున్నరకి మా కాలువల తాత మీద జంతువు పడింది. ఆయన గుర్తున్నాడా? బోనుల వెనక నడవాలో కాలువలు కడుగుతాడు, నువ్వొచ్చినప్పుడు నీ రంపానికి పదును పెట్టిచ్చాడు. వెనకనుంచి పడింది. రెండు భుజాలూ చీరుకుపోయాయి, చంకల కిందికి లోపలికి తిరిగి గీతలు. పడేటప్పుడు తల గట్టుకి కొట్టుకుని స్పృహ తప్పింది. అందరూ పరిగెత్తుకొచ్చేసరికి ఆయన మొహం దగ్గర ముసలమ్మ నిలబడి ఉంది. మూతికి రక్తం.

రోజూ పొద్దున దాన్ని కాసేపు నడవాలోకి వదులుతానని నీకు తెలుసు, లేకపోతే కీళ్లు పట్టేస్తాయి. రూలు ప్రకారం చెయ్యకూడదు. అది నా తప్పేనని రాసిచ్చాను. తాత ఆసుపత్రిలో ఉన్నాడు, ప్రాణభయం లేదన్నారు.

ఇరవై ఎనిమిదిన కమిటీ కూర్చుంటుంది. కూర్చోవడం పేరుకే. మనిషి మీద పడ్డ జంతువుని ఉంచరు, మర్నాడే సూది వేసేస్తారు. మా సూపరింటెండెంటు నిన్నొకటి అడగమన్నాడు. తోడేలు ఎముకలు కావాలని మీ డైరెక్టరు ఆయనకి రాశాడట. నువ్వే వచ్చి తీసుకెళతావా అని.

అక్కా, దయచేసి మొదలుపెట్టకు. దానికి పదమూడేళ్లు. ఎలాగూ ఇంకో చలికాలం చూడదు.

నీ
చెల్లెలు


పదిహేనో తారీకు

ప్రియమైన పిల్లికి (ప్రియమైన అన్నది అలవాటు కొద్దీ రాశాను),

మొదలుపెట్టవద్దా? మొదలుపెట్టకేం చేస్తాను? ముసలిదైతే చెయ్యని తప్పుకి చంపెయ్యొచ్చని ఏ పుస్తకంలో ఉంది? నువ్వూ నేనూ కూడా ముసలివాళ్లం అవుతాం, గుర్తుపెట్టుకో.

నువ్వు రాసిన ముక్కే మళ్లీ చదువుకో. 'చంకల కిందికి లోపలికి తిరిగి గీతలు.' ఎవరే రాసింది? నువ్వే కదా! పదహారేళ్లుగా ఆ జంతువులకి తిండి పెడుతున్నావు, నీకు చెప్పాలా? తోడేలు ఎగిరి మనిషి వీపు మీద కాళ్లు వేసిందే అనుకో. దాని పంజా అలా తిరగదు. గోళ్లు ఎప్పుడూ నేలకి రాసుకుని మొద్దుబారి ఉంటాయి. మహా అయితే పైనుంచి కిందికి నాలుగు గీతలు పడతాయి, చొక్కా కూడా సరిగ్గా చిరగదు. భుజాన్ని చుట్టి చంక కిందికి వచ్చాయంటే ఎవరో రెండు చేతులతో హత్తుకున్నట్టు. ఆ పని చెయ్యాలంటే ముంజేయి తిరగాలి, గోళ్లు ఒరలో దాచుకున్న కత్తుల్లా పదునుగా ఉండాలి.

ఇంకోటి. కాటు ఏది? ఒక్క కాటు గురించి కూడా రాయలేదు నువ్వు. తోడేలుకి నోరు తప్ప ఆయుధం లేదు. నోరు వాడకుండా మనిషిని పడగొట్టిన తోడేలు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

నాకు తాత గాయాల ఫొటోలు పంపు. మీ డాక్టరు రాసిన కాగితం నకలు పంపు. ఆ నడవాలోకి ఇంకెన్ని తలుపులు తెరుచుకుంటాయో రాయి. కమిటీకి నేను రాస్తాను.

కుక్కని చంపాలంటే పిచ్చిదని ముద్ర వెయ్యాలంటారు. ఇక్కడ మా డైరెక్టరు ఆ ముద్ర అచ్చు కూడా వేయించేశాడు. 'మనిషి రక్తం రుచి చూసిన తోడేలు' అని అట్టముక్క మీద పెద్ద అక్షరాలు, పక్కనే మనిషిని వాటేసుకున్న బొమ్మ. ఇంకా బతికి ఉన్న జంతువుకి! దాన్ని నా చేతులతో తీగ గుచ్చి ఆ అబద్ధంలో నిలబెట్టాలట. నేను పోయాక కూడా అది అలాగే నిలబడి ఉంటుంది. ఆ అట్టముక్క తీసుకెళ్లి పురుగుల పెట్టెలో పడేశాను. ఎముకల మీద మాంసం తినడానికి పెంచుకునే పురుగులు కూడా దాన్ని ముట్టుకోలేదు.

ఫొటోలు వెంటనే పంపు.

అక్క


ఇరవయ్యో తారీకు

ప్రియమైన అక్కకి,

ఫొటోలు నా దగ్గర లేవు. డాక్టరు కాగితం ఆఫీసులో ఉంది, నకలు ఇవ్వరు.

నీకు లోకంలో ఏది చూసినా ఎముకలే కనిపిస్తాయి. ఇక్కడ బతికున్న జంతువుల మధ్య, బతికున్న మనుషుల మధ్య పని చేసేదాన్ని నేను. నువ్వు కమిటీకి రాస్తే నా మీదికి వస్తుంది. ఆ తలుపులు ఎవరు వేశారు, ఎవరు తీశారు అని మళ్లీ మొదటినుంచి తవ్వుతారు. పెంకిగాడు నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు, వాడి సంగతి చూసుకోవాలి నాకు. వాడు ఆ పొద్దున గదిలోనే ఉన్నాడు, తలుపు వేసే ఉంది, నువ్వేమీ ఊహించుకోకు.

ముసలమ్మ లేవడం లేదు. మూలన పడుకుని నన్ను చూస్తోంది. దానికీ ఇది విడుదలే.

వదిలెయ్యి అక్కా.

చెల్లెలు


ఇరవై నాలుగో తారీకు

ప్రియమైన పిల్లికి,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నావు. పెంకిగాడి గురించి నేను ఒక్క అక్షరమైనా అడిగానా?

నిన్న మీ ఊరొచ్చాను. ఆరు గంటల బస్సు ప్రయాణం, పక్కన కూర్చున్నావిడ దారి పొడుగునా నా భుజం మీద నిద్రపోయింది. నీకు చెప్పలేదు, నీ గడప తొక్కలేదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాను. తాత మంచం మీద కూర్చుని కిటికీలోంచి గోడ చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి, "రంపం బాగా తెగుతోందా అమ్మా?" అని అడిగాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది.

భుజాలు చూపించమన్నాను. చూపించాడు. ఇటు నాలుగు, అటు నాలుగు, వంకీల్లాగా లోపలికి తిరిగి. కాటు లేదు. ఎక్కడా లేదు.

"ఏం తెలిసింది తాతా, ఆ క్షణంలో?" అని అడిగాను.

"ఎవరో వెనకాల నుంచి వచ్చి వాటేసుకున్నట్టయిందమ్మా. బరువు. నీ చెల్లి, మన చిన్నమ్మేమో ఆటకి అనుకున్నా. తరవాత ఏం తెలీదు. మెలకువొచ్చేసరికి ముసల్ది మొహం నాకుతోంది. దాన్ని చంపేస్తారంట గదా? నేను కాదన్నానని చెప్పు తల్లీ. నా మాట ఎవరూ అడగట్లేదు."

మాట్లాడగలిగిన మనిషిని అడగరు, మాట్లాడలేని జంతువుని చంపుతారు. ఇదీ మీ కమిటీ! పైగా తాతే చూసుకోకుండా తోడేలుకి అడ్డం వచ్చాడని కాగితంలో రాశారట. ఎవరు రాయించారో నేను అడగను.

కాకి పిల్ల కాకికి ముద్దు. నాకు తెలుసు. వాడికి పాలసీసా పట్టినప్పుడు నువ్వు మూడు నెలలు నిద్రపోలేదు. ఆ సంగతి నాకంటే ఎవరికీ బాగా తెలీదు, రోజూ ఫోను చేసి నా నిద్ర కూడా చెడగొట్టావు కాబట్టి. అయినా సరే.

నా రిపోర్టు సిద్ధంగా ఉంది. బొమ్మలతో సహా నాలుగు పేజీలు. నా సొరుగులో ఉంది. ఇరవై ఏడు సాయంత్రం దాకా ఆగుతాను. ఆలోగా నువ్వు వెళ్లి నిజం చెబితే సరే, లేకపోతే నేను పంపిస్తాను. నువ్వు నా చెల్లెలివని చూడను.

అక్క


ఇరవై తొమ్మిదో తారీకు

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివి చించేశాను. నువ్వు పంపుకుంటే పంపుకో అనుకున్నాను. అబద్ధం ఎందుకు రాయాలి, అలాగే అనుకున్నాను.

ఇరవై ఏడు మధ్యాహ్నం మా డాక్టరు వచ్చి, "సిర దొరకాలి, ముందు కాలి మీద వెంట్రుకలు గొరిగి ఉంచు. నువ్వైతే కరవదు" అన్నాడు. బ్లేడూ సబ్బునీళ్లూ పట్టుకుని ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. కాలు అడిగితే ఇచ్చింది. ఎప్పుడూ ఇస్తుంది కదా, మందు రాయడానికి. సిర లోపలి వైపు కనిపిస్తుందేమోనని పంజా పట్టుకుని పైకి తిప్పాను. తిరగలేదు. ఇంకాస్త తిప్పబోతే మూలిగింది గానీ కాలు లాక్కోలేదు.

నీ కట్టు విప్పిన రోజు గుర్తొచ్చింది అక్కా. నీ అరచేతిలో జామకాయ పెడదామని చెయ్యి పైకి తిప్పాను. తిరగలేదు. నువ్వు కూడా అచ్చం అలాగే మూలిగావు, చెయ్యి లాక్కోలేదు. జామకాయ కింద పడి దొర్లిపోయింది.

బ్లేడు అక్కడే వదిలేసి ఆఫీసుకి వెళ్లాను.

జరిగింది ఇది. పెంకిగాడి గది తలుపుకి గడియ వేస్తాను, గడియలో చీల పెట్టను. వాడు పసివాడుగా ఉన్నప్పుడు రెండు చేతుల్లో రెండు సీసాలుండేవి, చీల పెట్టడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. అలా అలవాటైపోయింది. ఆ పొద్దున మాంసం పెట్టి నీళ్లకి వెళ్లాను. వాడు తలుపు సందులోంచి పంజా బయటికి పెట్టి, తిప్పి, గడియ లేపాడు. వాడికది వచ్చని నాకు తెలుసు. ముద్దొచ్చి నేనే నేర్పాను. తాత వంగి కాలువ కడుగుతున్నాడు. వాడు నాతో ఎలా ఆడతాడో అలాగే ఆయన మీద ఎగిరాడు. నేను అరిచేసరికి వదిలేసి నా దగ్గరికొచ్చాడు. గదిలోకి తోసి చీల పెట్టాను. తిరిగి చూసేసరికి ముసలమ్మ కుంటుకుంటూ వచ్చి తాత మొహం నాకుతోంది. జాలితో నాకిందో ఆకలితో నాకిందో నాకు తెలీదు, నాకింది, అంతే. అప్పుడే అందరూ వచ్చారు. "తోడేలు! తోడేలు!" అన్నారు. నేను కాదనలేదు. మొదటి క్షణం నోరు రాలేదు. రెండో క్షణం నుంచి రావాలనుకోలేదు.

కమిటీలో అంతా చెప్పాను. తాతని కూడా కుర్చీలో తీసుకొచ్చారు. ముసలమ్మని చంపరు. పెంకిగాడి మీద చాలాసేపు వాదించుకున్నారు. తలుపు తెరిచింది మనిషి తప్పు కాబట్టి వాడినీ ఉంచుతున్నారు, కానీ ఇక ఎవరూ వాడి గదిలోకి వెళ్లకూడదు. నేను ఆ వరస వైపే వెళ్లకూడదు. మూడు నెలలు పనిలోంచి తీసేశారు, ఆ తరవాత పక్షుల వైపు వేస్తారట. నిన్న గేటు దాకా వాడి అరుపు వినిపించింది. తాత తప్పని రాయించింది నేనే. ఆయన కాళ్లు పట్టుకుంటే, "లే చిన్నమ్మా, నా వీపు నొప్పి, వంగి లేపలేను" అన్నాడు.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకపోతే పైన రాసినదంతా దండగ. ముప్పై ఆరేళ్లుగా చెప్పలేదు. టైలరుగారి నల్లకుక్క నిన్ను గోడ మీద నుంచి తొయ్యలేదు. నేనే తోశాను. నువ్వు నన్ను గోడ ఎక్కనివ్వలేదని. కుక్క దూకిందని నాన్నకి చెప్పాను. కుక్కలబండి వచ్చి దాన్ని తీసుకుపోయింది. టైలరుగారు మిషను ఆపి వీధిలో నిలబడి ఏడ్చారు.

నీ చెయ్యి విరిచింది నేను అక్కా. నన్ను ఏమన్నా పడతాను.

పిల్లి


రెండో తారీకు

ప్రియమైన పిల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కోపమే వచ్చింది. తాత మీద తప్పు నెట్టడం మాత్రం నేను చచ్చేదాకా మరచిపోను, నువ్వు ఆయన రెండు కాళ్లు పట్టుకున్నా సరే.

డైరెక్టరుకి కబురు చెప్పాను. మొహం వేలాడేశాడు. బతికినందుకు ఆ తోడేలు ఆయనకి ద్రోహం చేసినట్టు మాట్లాడాడు. తోడేలు ఈ గదికి ఎప్పుడొచ్చినా దాని కాలం తీరాకే వస్తుందని, వచ్చినా నాలుగు కాళ్ల మీదే నిలబడుతుందని చెప్పాను. అది కాదంటే తీగా రంపమూ ఆయన చేతికిచ్చి ఇంటికి పోతానన్నాను. టీ కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇక కుక్క సంగతి. నువ్వు తోశావని నాకు తెలుసే. ఆ రోజు నుంచీ తెలుసు. నా వీపు మీద రెండు చిన్న అరచేతులు పడ్డాయి, పది వేళ్లూ విడివిడిగా తెలిశాయి. కుక్క గోడ కింద నీడలో నిద్రపోతోంది. నేను దాని పక్కనే పడ్డాను. పాపం అది బెదిరి లేచి, వచ్చి నా చెవి నాకింది.

నువ్వు అనుకుంటున్నావు, నీ మాట విని బండి పిలిచారని. ఏడేళ్ల పిల్ల మాటకి ఎవరూ బండి పిలవరు. నాన్న ఆసుపత్రికి వచ్చి నన్ను అడిగాడు: "కుక్కేనామ్మా?" నేను తల ఊపాను. నిన్ను కొడతారని ఊపాను. నేను తల ఊపాక పిలిచారు. బండి వచ్చినప్పుడు కిటికీ దగ్గర కట్టుతో నిలబడి చూశాను. ఇంకా టైముంది, అరిచి చెప్పొచ్చు. చెప్పలేదు. ఈ చెయ్యి తిరగనప్పుడల్లా నాకు నువ్వు గుర్తుకురావు, ఆ కుక్క గుర్తొస్తుంది. లోకం మీద ఇంత గట్టిగా అరుస్తూ తిరుగుతున్నానే, అప్పుడు అరవాల్సిన అరుపంతా ఇప్పుడు అరుస్తున్నాను.

నా సొరుగులో రిపోర్టు ఉందని రాశాను కదా. లేదు. నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఎముకల గురించి రెండేసి పేజీలు చకచకా వచ్చేవి. ఆ నడవాలోకి తలుపు తెరిచింది ఎవరు అన్నచోటికి రాగానే చెయ్యి ఆగిపోయేది. ఇరవై ఏడు రాత్రి నాలుగో కాగితం కూడా చించేశాను. నువ్వు వెళ్లి ఉండకపోతే ముసలమ్మ పోయేది, నేను ఇక్కడ కూర్చుని రెండోసారి తల ఊపి ఉండేదాన్ని. నీ మీద ఎన్ని కేకలు వేశాను! ఆఖరికి కాళ్లీడ్చుకుంటూ ఆఫీసు మెట్లెక్కింది నువ్వు.

ఆదివారం పదకొండు గంటల బస్సుకి వస్తున్నాను. తాతకి కొత్త ఆకురాయి తెస్తున్నాను, ఆయనది అరిగిపోయిందట. నువ్వు బస్టాండుకి రా. నన్ను ముందు జూ గేటు దాకా తీసుకెళ్లు, నువ్వు ఆ వరస వైపు రాకూడదు కదా, నేను కాసేపు ముసలమ్మ పక్కన కూర్చోవాలి. నిన్ను తిట్టడం ఆ తరవాత. కౌగిలించుకోవడం నాకు చేత కాదని నీకు తెలుసు కదా, ఆ పని నువ్వే చెయ్యి.

నీ
అక్క